కొడుకు సూత్రం, తండ్రి పరికరం

పిల్లలూ! మీలో చాలామంది అమ్మానాన్నలతో కారులో ఐ-55 మీద వెళ్తూ, లెమాంట్ దగ్గర ఉన్న ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీ పక్కనుంచి వెళ్ళే ఉంటారు. అక్కడ చెట్ల మధ్య ఉంగరం ఆకారంలో ఒక పెద్ద భవనం ఉంది. దాని పేరు అడ్వాన్స్‌డ్ ఫోటాన్ సోర్స్. లోపల సుమారు 1.1 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న గొట్టంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతుంటాయి. అయస్కాంతాలు వాటి దారిని వంచినప్పుడల్లా ఎలక్ట్రాన్లు ఎక్స్‌రేలు చిమ్ముతాయి. ఇలాంటి యంత్రాన్ని సింక్రోట్రాన్ అంటారు. ఆ ఎక్స్‌రేలలోంచి కావలసినవాటిని ఏరి, సన్నగా చేసి, పరీక్షించాల్సిన వస్తువు దాకా తీసుకెళ్ళే దారిని బీమ్‌లైన్ అంటారు.

ఆ దారిలో చీలికలు, అద్దాలు, స్ఫటికాలు ఉంటాయి. అక్కడ స్ఫటికం ఏ సూత్రం మీద పనిచేస్తుందో దాన్ని 1912లో ఒక 22 ఏళ్ళ కుర్రవాడు కనిపెట్టాడు. అతని పేరు విలియం లారెన్స్ బ్రాగ్. మా తరంలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. మొదటి సంవత్సరం ఫిజిక్స్ పుస్తకంలో బ్రాగ్స్ లా ఉండేది. పరీక్షలో తప్పకుండా వస్తుందని అందరం బాగా చదువుకునేవాళ్ళం. ఆ సూత్రం వెనక ఒక తండ్రీ కొడుకుల కథ ఉందని మాత్రం పుస్తకంలో ఉండేది కాదు. ఆ కథే ఇది.

అడిలైడ్‌లో ఒక వలస కుటుంబం

లారెన్స్ తండ్రి విలియం హెన్రీ బ్రాగ్ ఇంగ్లండులో పుట్టారు. కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1886లో 23 ఏళ్ళ వయసులో ఉద్యోగం కోసం ఓడెక్కి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ చేరారు. మనలో చాలామందిలాగే ఆయన కూడా ఒక సూట్‌కేసుతో, ఒక ఆఫర్ లెటరుతో దేశం దాటినవారే. అక్కడి యూనివర్సిటీలో గణితం, ఫిజిక్స్ రెండూ చెప్పాలి. గణితం బాగా వచ్చు గానీ ఫిజిక్స్ అంతగా చదవలేదు. ఓడలో కూర్చుని చదువుకున్నారు. పాఠాలకి పరికరాలు సరిపోకపోతే, ఊళ్ళో పరికరాలు తయారుచేసేవాళ్ళ దగ్గర చేరి, తన చేత్తోనే లోహాన్ని చెక్కడం నేర్చుకున్నారు. ఈ చేతిపని తరవాత ఎంత పనికొచ్చిందో చూద్దాం.

అక్కడే గ్వెండొలిన్ టాడ్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆమె తండ్రి చార్లెస్ టాడ్ సామాన్యుడు కాదు. ఆస్ట్రేలియా ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే టెలిగ్రాఫ్ లైనుని 1872లో పూర్తి చేయించిన మనిషి. 1890 మార్చి 31న లారెన్స్ పుట్టాడు. రెండేళ్ళకి తమ్ముడు బాబ్ పుట్టాడు.

1896లో, లారెన్స్‌కి సుమారు ఆరేళ్ళప్పుడు, మూడు చక్రాల సైకిలు తొక్కుతూ కిందపడ్డాడు. ఎడమ మోచెయ్యి నుజ్జయింది. జర్మనీలో రంట్‌జెన్ ఎక్స్‌రేలని కనిపెట్టి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. ఆ వార్త చదివిన తండ్రి అప్పటికే ఒక ఎక్స్‌రే ట్యూబు సిద్ధం చేసుకున్నారు. దాంతోనే కొడుకు మోచేతిని ఫోటో తీశారు. ఆస్ట్రేలియాలో వైద్యం కోసం ఎక్స్‌రే వాడిన తొలి సందర్భాల్లో అదొకటి. చిటపటలాడే నిప్పురవ్వలు, ఆ వాసన చూసి లారెన్స్ భయపడిపోయాడు. తనకంటే చిన్నవాడైన బాబ్ ముందు కూర్చుని ఫోటో తీయించుకున్నాకే అన్నకి ధైర్యం వచ్చింది.

లారెన్స్ 18 ఏళ్ళకే అడిలైడ్ యూనివర్సిటీలో గణితంలో ఫస్ట్ క్లాస్ ఆనర్స్ తెచ్చుకున్నాడు. సముద్రపొడ్డున గవ్వలు ఏరడం అతని సరదా. అలా ఏరుతుండగా ఎవరికీ తెలియని ఒక రకం కటిల్‌ఫిష్ దొరికింది. దానికి శాస్త్రవేత్తలు అతని ఇంటి పేరే పెట్టారు. ఇప్పటికీ అది సేపియా బ్రాగై.

1909లో తండ్రికి ఇంగ్లండులో లీడ్స్ యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. కుటుంబమంతా మళ్ళీ సముద్రం దాటింది. లారెన్స్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు.

తండ్రి నమ్మకం

ఎక్స్‌రేలంటే ఏమిటి? అవి కాంతిలాంటి అలలా, లేక బుల్లెట్లలాంటి చిన్న కణాలా? ఆ రోజుల్లో ఇది పెద్ద వివాదం. తండ్రి బ్రాగ్ కణాల పక్షం. ఆ వాదంలో ఆయనది చాలా పెద్ద పేరు. ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, పత్రాలు రాసి, ఎదుటి పక్షంతో బహిరంగంగా వాదించారు.

1912లో మ్యూనిక్ నుంచి ఒక వార్త వచ్చింది. మాక్స్ ఫాన్ లావే సూచన మీద ఫ్రీడ్‌రిష్, క్నిపింగ్ అనే ఇద్దరు, ఎక్స్‌రేలని ఒక స్ఫటికంలోంచి పంపితే ఫోటో ప్లేటు మీద చుక్కల ముగ్గులాంటిది వచ్చింది. అలలైతేనే అలాంటి ముగ్గు వస్తుందని లావే అన్నారు.

ఆ వేసవి సెలవుల్లో తండ్రీ కొడుకులిద్దరికీ ఇదే చర్చ. లారెన్స్ ముందు తండ్రి పక్షాన్నే నిలబడ్డాడు. స్ఫటికంలో అణువుల వరసల మధ్య సందులుంటాయి కదా, కణాలు ఆ సందుల వెంట దూసుకొచ్చి చుక్కలు పెట్టాయేమో అనుకుని, లీడ్స్‌లో ప్రయోగం కూడా చేసి చూశాడు. ఫలితం రాలేదు.

కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళాక ఆ ఫోటోలని మళ్ళీ మళ్ళీ చూశాడు. ఒక చిన్న సంగతి కంటపడింది. ప్లేటుని స్ఫటికానికి దగ్గరగా పెడితే చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. దూరంగా జరిపితే కోలగా సాగాయి. అద్దం మీద పడి తిరిగొచ్చే కాంతి అలాగే ప్రవర్తిస్తుంది. కామ్ నది ఒడ్డున నడుస్తుండగా అతనికి అసలు విషయం తట్టింది. స్ఫటికంలోని అణువుల పొరలు ఎక్స్‌రేలకి అద్దాల్లా పనిచేస్తున్నాయి.

అదనపు అడుగు

దీన్ని మన ఇల్లినాయ్ మొక్కజొన్న చేలతో అర్థం చేసుకోవచ్చు. కారు కిటికీలోంచి చేను చూస్తుంటే ఒక కోణంలో మొక్కలన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. కాస్త ముందుకెళ్ళగానే తిన్నని వరసలు తేలతాయి. ఇంకొంచెం ముందుకెళ్తే ఐమూలగా వేరే వరసలు తేలతాయి. స్ఫటికంలో అణువులు కూడా ఇలాగే పొరలు పొరలుగా సర్దుకుని ఉంటాయి. ఎటునుంచి చూస్తే అటు ఒక రకం పొరలు.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు అడుగులో అడుగు వేస్తూ కవాతు చేస్తున్నారనుకోండి. ఒకడు పై పొర దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. రెండోవాడు ఇంకో పొర లోపలికి వెళ్ళి తిరిగాడు. రెండోవాడు కాస్త ఎక్కువ దూరం నడిచాడు. ఆ ఎక్కువ దూరం సరిగ్గా ఒక అడుగో, రెండడుగులో, మూడడుగులో అయితే, బయటికి వచ్చాక ఇద్దరి కాళ్ళూ మళ్ళీ కలిసి పడతాయి. అరడుగు తేడా వస్తే ఒకడి కుడికాలు పడేటప్పుడు రెండోవాడి ఎడమకాలు పడుతుంది. అలలు కూడా అంతే. అడుగు కలిస్తే బలపడతాయి, కలవకపోతే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఇక్కడ అడుగంటే అల పొడవు. ఎంత ఎక్కువ దూరం నడవాలనేది పొరల మధ్య దూరాన్ని బట్టీ, ఎక్స్‌రే ఏ కోణంలో వచ్చిందన్న దాన్ని బట్టీ ఉంటుంది. మేము చదువుకున్న ఎన్ లామ్డా ఈక్వల్స్ టూ డీ సైన్ థీటా అన్న సూత్రానికి అర్థం ఇదే.

మ్యూనిక్ ఎక్స్‌రేలలో అన్ని పొడవుల అలలూ కలిసి ఉన్నాయనీ, ఒక్కో రకం పొరలు తమకి సరిపోయే పొడవునే ఏరుకుని వెనక్కి పంపుతాయనీ లారెన్స్ చెప్పాడు. ఆ పత్రాన్ని 1912 నవంబర్ 11న కేంబ్రిడ్జిలో అతని గురువు జె.జె. థామ్సన్ సభ ముందు పెట్టారు. పత్రం మీద ఉన్నది లారెన్స్ ఒక్కడి పేరే. మరుసటి నెల అభ్రకం రేకు మీద ఎక్స్‌రేలని పడేసి, అద్దం మీద కాంతిలాగే తిరిగి వస్తున్నాయని చూపించాడు. మన గూడూరు గనుల్లో దొరుకుతుందే, అలాంటి అభ్రకమే.

తండ్రిని సమర్థించాలని మొదలుపెట్టిన పని చివరికి ఎదుటి పక్షానికి బలమిచ్చింది. ఎక్స్‌రేలు అలలే అని తేలింది.

తండ్రి ఏం చేశారు?

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. యాభై ఏళ్ళ పెద్దమనిషి, పేరున్న ప్రొఫెసర్. ఇన్నాళ్ళు తను వాదించినదానికి విరుద్ధంగా సొంత కొడుకే రుజువు తెచ్చాడు. ఆయన అలగలేదు, తప్పులు వెతకలేదు. కొడుకు సూత్రాన్ని తీసుకుని లీడ్స్ వర్క్‌షాపులో దానికి తగిన పరికరం తయారుచేయించారు. అడిలైడ్‌లో నేర్చుకున్న చేతిపని అక్కడ అక్కరకొచ్చింది. 1913 నాటి ఆ ఎక్స్‌రే స్పెక్ట్రోమీటర్‌లో ఉన్నవి నాలుగే భాగాలు. ఎక్స్‌రే ట్యూబు, కిరణాన్ని సన్నగా చేసే సీసపు చీలికలు, తిరిగే బల్ల మీద ఒక స్ఫటికం, తిరిగొచ్చిన కిరణాన్ని కొలిచే గది. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి.

ఆ పరికరంతో ఇద్దరూ రాత్రీ పగలూ పనిచేశారు. ఉప్పులో సోడియం, క్లోరిన్ అణువులు చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయని లారెన్స్ తేల్చాడు. వజ్రంలో కార్బన్ అణువులు ఎలా అల్లుకుని ఉన్నాయో ఇద్దరూ కలిసి తేల్చారు. అణువుల అమరికని మనిషి మొదటిసారిగా కొలిచి చూసిన రోజులవి.

అయితే ఒక చిక్కు వచ్చింది. పెద్దాయనకి పేరుంది. సభలకి పిలుపులు ఆయనకే వచ్చేవి. 1913లో బ్రసెల్స్‌లో జరిగిన సాల్వే సమావేశానికి తండ్రి వెళ్ళారు, కొడుకు ఇంగ్లండులోనే ఉండిపోయాడు. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, రూథర్‌ఫర్డ్ లాంటివాళ్ళు సంతకాలు చేసిన ఒక అభినందన కార్డు మాత్రం అతనికి వచ్చింది. అసలు ఆలోచన తండ్రిదే, కొడుకు సాయం చేశాడని చాలామంది అనుకున్నారు. తండ్రి మాత్రం ఆ ఆలోచన కొడుకుదేనని ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం ముందుమాటలో స్పష్టంగా రాశారు. అయినా లోకం నోరు మూయించడం కష్టం. లారెన్స్ మనసులో ఆ ముల్లు చాలా ఏళ్ళు ఉండిపోయింది. తండ్రీ కొడుకులిద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టేవాళ్ళే. కానీ ఈ విషయం మాత్రం మనసు విప్పి మాట్లాడుకోలేకపోయారు. తరవాత ఒకరి దారికి ఒకరు అడ్డు రాకుండా పనిని పంచుకున్నారు. తండ్రి ఎక్కువగా కర్బన పదార్థాల స్ఫటికాలు తీసుకున్నారు, కొడుకు ఖనిజాలు తీసుకున్నాడు.

యుద్ధం మధ్య నోబెల్

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లారెన్స్ సైన్యంలో చేరాడు. కనిపించకుండా దాక్కున్న శత్రువుల ఫిరంగులు ఎక్కడున్నాయో వాటి శబ్దాన్ని బట్టి కనిపెట్టే పని అతనికి అప్పగించారు. ఫిరంగి పేలినప్పుడు చెవికి వినిపించని ఒక పెద్ద గాలి తోపు కూడా వస్తుంది. ఈ సంగతి లారెన్స్‌కి బెల్జియంలో ఒక ఇంటి మరుగుదొడ్డిలో కూర్చున్నప్పుడు తెలిసిందట! దగ్గర్లో ఫిరంగి పేలినప్పుడల్లా కింద కంతలోంచి గాలి వచ్చి తోసేది. పిల్లలూ, నవ్వండి, పరవాలేదు. ఆ తోపుని పట్టే మైక్రోఫోను తయారయ్యాకే ఆ పద్ధతి బాగా పనిచేసింది.

1915 సెప్టెంబరులో గలిపోలి యుద్ధంలో తమ్ముడు బాబ్ చనిపోయాడు. అన్నకి ధైర్యం చెప్పడానికి ఎక్స్‌రే ట్యూబు ముందు తను ముందుగా కూర్చున్న ఆ బాబే. కొద్ది నెలల్లోనే మరో వార్త. తండ్రికీ కొడుక్కీ కలిపి ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతి! లారెన్స్ అప్పుడు యుద్ధరంగం దగ్గరే ఉన్నాడు. అతని వయసు 25. ఒకే నోబెల్ బహుమతిని పంచుకున్న తండ్రీ కొడుకులు ఇప్పటికీ వీళ్ళిద్దరే. 2014లో మలాలాకి 17 ఏళ్ళకి శాంతి బహుమతి వచ్చేదాకా నోబెల్ పొందినవారందరిలో చిన్నవాడు లారెన్సే. సైన్సు బహుమతుల్లో ఆ రికార్డు ఇంకా అతనిదే.

పడ్డా లేచిన మనిషి

1919లో రూథర్‌ఫర్డ్ ఖాళీ చేసిన కుర్చీలో లారెన్స్ మాంచెస్టర్ ప్రొఫెసర్ అయ్యారు. నోబెల్ వచ్చిన మనిషి కదా, అంతా సాఫీగా జరిగిందనుకోకండి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన విద్యార్థులు క్లాసులో గోల చేసేవారు. ఆయనకి పాఠం చెప్పిన అనుభవం అంతగా లేదు. ఆయన్ని విమర్శిస్తూ ఆకాశరామన్న ఉత్తరాలు కూడా వచ్చాయి. బాగా కుంగిపోయారు. 1930లో మరోసారి మానసికంగా దెబ్బతిన్నారు. 1921లో పెళ్ళాడిన ఆలిస్ ఆయనకి అండగా నిలిచింది. వాళ్ళకి నలుగురు పిల్లలు.

1938లో ఆయన కేంబ్రిడ్జి కావెండిష్ లాబొరేటరీకి అధిపతి అయ్యారు. అక్కడ మాక్స్ పెరూట్జ్ అనే యువకుడు హిమోగ్లోబిన్ స్ఫటికాల మీద పనిచేస్తున్నాడు. ఉప్పు స్ఫటికంలో తెలుసుకోవాల్సింది రెండు రకాల అణువుల గురించే. హిమోగ్లోబిన్ అణువొక్కదానిలో వేల పరమాణువులుంటాయి. అది జరిగే పని కాదని చాలామంది అన్నారు. బ్రాగ్ మాత్రం పెరూట్జ్‌కి డబ్బు ఏర్పాటు చేసి, 1947లో ఒక చిన్న పరిశోధన బృందం నిలబడేలా చూశారు. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్ ఆయన లాబ్‌లోని వాళ్ళే. దానికి లండన్‌లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌రే చిత్రాలు, కొలతలు ఆధారం. ఆ బృందమే పెరిగి తరవాత పెద్ద సంస్థ అయింది. చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్ గారికి 2009లో నోబెల్ తెచ్చిన రైబోజోమ్ పని అక్కడిదే. అందుకు కావలసిన ఎక్స్‌రే కొలతల్లో కొన్ని మన పక్కనున్న ఆర్గాన్ ఉంగరంలోనే తీశారు.

1954లో బ్రాగ్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కి వెళ్ళారు. 1942లో చనిపోయేదాకా తండ్రి నడిపిన సంస్థ అది. అక్కడ స్కూలు పిల్లల కోసం ప్రయోగాలు చేసి చూపిస్తూ ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ఏటా వేలమంది పిల్లలు వచ్చేవారు. ఒకప్పుడు క్లాసుని అదుపులో పెట్టలేకపోయిన మనిషి, దేశంలోనే మంచి సైన్సు వక్తల్లో ఒకరయ్యారు.

లండన్ ఇంటికి తోట లేదు. మొక్కలంటే ప్రాణం కాబట్టి, తన హోదా చెప్పకుండా ఒకరింట్లో వారానికోసారి తోటమాలి పనికి కుదిరారు. ఒకరోజు ఆ ఇంటికి వచ్చిన అతిథి ఆయన్ని గుర్తుపట్టి ఆశ్చర్యపోయేదాకా ఆ యజమానురాలికి సంగతే తెలియదు.

1971 జులై 1న లారెన్స్ బ్రాగ్ కన్నుమూశారు. అదే సంవత్సరం జర్మనీలోని హాంబర్గ్‌లో సింక్రోట్రాన్ ఎక్స్‌రేలతో కీటకాల కండరాన్ని పరీక్షించిన తొలి ప్రయోగం అచ్చయింది.

బీమ్‌లైన్ వెంట ఒక నడక

ఇందాక గుర్తుపెట్టుకోమన్న నాలుగు భాగాలతో ఇప్పుడు ఆర్గాన్‌లాంటి చోట బీమ్‌లైన్ వెంట నడుద్దాం. ట్యూబు బదులు ఇక్కడ ఉంగరం ఉంది. దాని నుంచి వచ్చే కిరణంలో రకరకాల పొడవుల అలలు కలిసి ఉంటాయి.

మొదట చీలికలు వస్తాయి. 1913లో సీసపు పలకలు, ఇప్పుడు నీళ్ళతో చల్లబరిచే లోహపు పలకలు. కిరణం అంచుల్ని కత్తిరించి సన్నగా చేస్తాయి. గొట్టంలో గాలి ఉండకూడదు కాబట్టి, అవసరమైన చోట బెరీలియం అనే తేలికైన లోహంతో కిటికీ పెడతారు. ఎక్స్‌రేలు దాంట్లోంచి సులువుగా దాటిపోతాయి.

తరవాత అద్దం. ఇంట్లో అద్దం మీద ఎక్స్‌రే వేస్తే తిరిగి రాదు, లోపలికి దూసుకుపోతుంది. కానీ డిగ్రీలో చిన్న భాగమంత కోణంలో, దాదాపు ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా పంపితే జారి తిరిగొస్తుంది. చెరువు నీటి మీద బల్లపరుపుగా విసిరిన పెంకు ఎగిరినట్టు. దీన్ని ఆర్థర్ కాంప్టన్ 1923లో చూపించారు. ఆ ఏడాదే ఆయన మన చికాగో యూనివర్సిటీలో చేరారు. కోణం అంత తక్కువ కాబట్టి అద్దాలు పొడుగ్గా ఉంటాయి, కొన్ని మీటరు దాకా. నునుపులో తేడా అణువు పరిమాణం దాటకుండా మెరుగు పెడతారు.

ఆ తరవాత అసలు మనిషి, మోనోక్రోమేటర్. అంటే ఒకే పొడవు అలని ఏరే పరికరం. ఇందులో రెండు సిలికాన్ స్ఫటికాలు ఎదురెదురుగా ఉంటాయి. మొదటిది బ్రాగ్ సూత్రం ప్రకారం ఒక పొడవునే ఏరి పైకి పంపుతుంది. రెండోది దాన్ని మళ్ళీ పాత దిశలోకి తిప్పుతుంది. మామూలుగా వాడే సిలికాన్ పొరల మధ్య దూరం 3.14 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ పొడవున్న అల కావాలంటే స్ఫటికాన్ని సుమారు 9 డిగ్రీల కోణంలో నిలపాలి. వేరే పొడవు కావాలంటే కోణం మారిస్తే చాలు. మిగతా కిరణమంతా మొదటి స్ఫటికంలోనే వేడిగా మారుతుంది. వేడికి పొరలు ఉబ్బితే కొలత చెడుతుంది. అందుకే చాలా చోట్ల ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తారు. సుమారు మైనస్ 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర సిలికాన్ వేడికి ఉబ్బడం దాదాపు ఆగిపోతుంది.

చివర్లో కిరణాన్ని ఒక చుక్కలోకి తెచ్చే వంపు అద్దాల జత. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కేంద్రీకరిస్తుంది. 1948లో స్టాన్‌ఫర్డ్‌లో కర్క్‌పాట్రిక్, బయెజ్ ఈ ఏర్పాటు చెప్పారు. ఆ ఆల్బర్ట్ బయెజ్ గాయని జోన్ బయెజ్ తండ్రి. అక్కడినుంచి కిరణం పరీక్షించే వస్తువు మీద పడి, డిటెక్టర్ చేరుతుంది. అదే బ్రాగ్ గారి నాలుగో భాగం.

మన దేశంలో ఇండోర్‌లోని ఇండస్-2 అయినా, బ్రాగ్ పుట్టిన ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ సింక్రోట్రాన్ అయినా, స్ఫటికంతో అలని ఏరే ప్రతి బీమ్‌లైన్‌లోనూ ఈ ఇద్దరూ ఉన్నారు. కొడుకు సూత్రం, తండ్రి పరికరం.

ఇంకో చిన్న సంగతి. తండ్రి ఓడిపోయారనుకున్న వాదం కూడా పూర్తిగా తప్పు కాలేదు. ఎక్స్‌రేలు కొన్నిసార్లు కణాల్లా కూడా ప్రవర్తిస్తాయని అదే కాంప్టన్ నిరూపించి, 1927లో నోబెల్ అందుకున్నారు. అలా, కణం, రెండూ నిజమే. కానీ 1912లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఏదో ఒక రోజు తన మాటా నెగ్గుతుందన్న భరోసా తండ్రికి లేదు. ఉన్న రుజువుని చూసి కొడుకు వైపు వచ్చారు, అంతే.

మన ఇళ్ళలో కూడా పిల్లలు సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో మనల్ని కాదంటుంటారు. ప్రతిసారీ వాళ్ళదే ఒప్పు కాకపోవచ్చు. కాదనడానికి కారణం చూపించమని అడుగుదాం. చూపిస్తే, ఆ పని ముందుకు సాగడానికి కావలసిన పరికరం మన చేత్తో తయారుచేసిద్దాం. పిల్లలూ, మీకూ ఒక మాట. లారెన్స్ తండ్రిని కాదన్నది మాటలతో కాదు. చుక్కలు గుండ్రంగా ఉన్నాయా, కోలగా ఉన్నాయా అని ఓపిగ్గా చూసి.